శుక్రవారం నాడు పలికిన మాట

ఆ ఏడు ఈస్టరు ముందరి నలభై రోజుల శ్రమకాలం మా ఇంటికి ఒకరోజు ముందే వచ్చింది. రేపు ఆ కాలం మొదలయ్యే భస్మ బుధవారం అనగా, మంగళవారం మధ్యాహ్నం, ఇంకా మూడు నెలలు కడుపులో ఉండాల్సిన మా అమ్మాయి పుట్టేసింది. బరువు తొమ్మిది వందల గ్రాములు.

నేను కాటాలు బాగుచేసేవాణ్ణి. దుకాణాల్లో, గిడ్డంగుల్లో, మందుల షాపుల్లో కాటా సరిగ్గా తూస్తోందో లేదో చూసి, తేడా ఉంటే సరిచేసి వస్తాను. నా పెట్టెలో ఇత్తడి తూనికరాళ్ళు ఉంటాయి. సిస్టర్ చీటీ మీద బరువు రాసి ఇవ్వగానే అది నా అరచేతికి తెలిసిపోయింది. అయిదు వందల రాయి ఒకటి, రెండు వందల రాళ్ళు రెండు, అంతే. ఇరవై ఏళ్ళుగా ఆ బరువు ఎత్తుతున్నాను, దించుతున్నాను. ఒక మనిషి అందులో పట్టేస్తుందని ఏనాడూ తోచలేదు.

లోపలికి తీసుకెళ్ళి చూపించారు. అద్దాల పెట్టెలో, నోట్లో గొట్టంతో, ఒళ్ళంతా తీగలతో పడుకుని ఉంది. ఉల్లిపొరలాంటి చర్మం. దాని కింద పారే రక్తం కూడా కనబడుతోంది. భయంతో చూపు తిప్పుకోబోయి, చేతి దగ్గర ఆగిపోయాను. వేళ్ళకి గోళ్ళున్నాయి. అయిదింటికి అయిదూ ఉన్నాయి, బియ్యపు నూకంతైనా లేవు, అయినా ప్రతి గోరుకీ దాని అంచు దానికుంది. మూడు నెలల ముందు బయటికొచ్చిన పిల్ల మీద కూడా ఆ చేసినవాడు తొందర పడ్డట్టు లేడు. ప్రార్థన చేద్దామనుకున్నాను గానీ మాటలు దొరకలేదు.

మాటలు మా నాన్న దగ్గరుంటాయి. ఆయన రైల్వేలో టైంటేబుళ్ళు తయారుచేసే ఆఫీసులో ముప్పై నాలుగేళ్ళు పనిచేశాడు. రిటైరయ్యాక మా చర్చిలో పాఠాలు చదివే పని పెట్టుకున్నాడు. ఏ ఆదివారం ఏ పాఠం చదవాలో, వేదిక మీద ఏ రంగు గుడ్డ పరవాలో అంతా ఆయనకి కంఠతా. ఊదా, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ గుడ్డలు నాలుగూ ఇస్త్రీ చేసి మా ఇంటి బీరువాలోనే ఉంటాయి. మా ఆవిడ చీరలు కింది అరలోకి దిగిపోయి చాలాకాలమైంది. పండుగలు ఆయన దృష్టిలో స్టేషన్లు. ముందు స్టేషన్‌లో ఆగకుండా తర్వాతది రావడానికి వీల్లేదు.

మా చర్చిలో ఒక కట్టుబాటు ఉంది. భస్మ బుధవారం నుంచి ఈస్టరు దాకా, అంటే పునరుత్థాన పండుగ పొద్దుటిదాకా, హల్లెలూయ అనే స్తుతి మాట ఎవరూ పలకరు. ఆ మాటున్న పాటలన్నీ పక్కన పెట్టేస్తారు. పండుగ పొద్దున ఆ మాట తిరిగొచ్చినప్పుడు చర్చి కప్పు ఎగిరిపోతుందా అన్నట్టు పాడతారు. ఈ కట్టుబాటుకి కాపలాదారు మా నాన్న. అంతకు ముందు ఏడాది, బృందంలో పాడే దర్జీ ఏదో ధ్యాసలో ఆ మాటని కూనిరాగం తీశాడని, అరవై ఏళ్ళ మనిషిని పట్టుకుని వరండాలో నిలబెట్టాడు. దర్జీ కూడా బుద్ధిగా నిలబడ్డాడు. నాన్న ముందు ఎవరైనా అంతే.

మూడో రోజున ఆసుపత్రి వరండాలో ఆ గొడవ జరిగింది. మా ఆవిడ పొట్టమీద చెయ్యి ఆనించుకుని, గోడ పట్టుకుని నడిచొచ్చింది. పిల్ల ఉన్న గదిలోకి తల్లినీ తండ్రినీ తప్ప ఎవరినీ రానివ్వరు. అందుకని నాన్న వరండా బెంచీ మీదే కూర్చున్నాడు.

"మామయ్యా, చర్చి అయ్యగారిని ఒక్కసారి రమ్మనండి. పాపకి బాప్తిస్మం ఇప్పించేద్దాం," అంది.

"ఇప్పుడెందుకమ్మా? శ్రమకాలంలో మన దగ్గర బాప్తిస్మాలు ఇవ్వరు కదా. నలభై రోజులు ఓపిక పట్టు. పండుగ పొద్దున, తెల్లగుడ్డ పరిచి, అందరి ముందూ నిండుగా ఇప్పిద్దాం."

"అప్పటిదాకా ఉంటుందో ఉండదో ఎవరికి తెలుసు?"

"ఉంటుంది. ఉండదనుకునేవాళ్ళే ఇప్పుడు ఇవ్వమంటారు."

ఆ మాట ఆమెకి చెంపదెబ్బలా తగిలిందని నాకు తెలుసు. ఆమె నావైపు చూసింది. నేను మాత్రం చేతులు ఎలా కడుక్కోవాలో గోడమీద రాసిన బోర్డుని మూడోసారి చదువుతున్నాను. మగాడు ఇద్దరి మధ్య ఇరుక్కున్నప్పుడు చదువు మీద ఎక్కడలేని శ్రద్ధ పుట్టుకొస్తుంది. ఆమె తిరిగి లోపలికి వెళ్ళిపోయింది.

నాన్నది మొండితనం అనుకున్నాను ఆ రోజు. కాదు, భయం. ఇప్పుడే నీళ్ళు పోయిస్తే పిల్లని సాగనంపడానికి సిద్ధపడ్డట్టు అవుతుందని ఆయన భయం. పండుగ దాకా ఆగితే దేవుడు కూడా పండుగ దాకా ఆగక తప్పదని ఆశ. రైళ్ళని నడిపినట్టు దేవుణ్ణి కూడా ఆ పట్టికలో పెట్టాడు పాపం.

ఆ మర్నాటి నుంచి ఆయన రోజూ పొద్దున నా క్యారేజీ సంచిలో ఒక చీటీ పెట్టేవాడు. ఆ రోజు చదవాల్సిన పాఠం ఏదో అందులో రాసి ఉండేది. మా ఆవిడకి మామగారి మీద ఎంత కోపమున్నా ఆ చీటీని మాత్రం పక్కన పడేయలేదు. చేతులు మోచేతుల దాకా కడుక్కుని, అద్దాల పెట్టెకున్న గుండ్రటి కిటికీ తెరిచి, వేలి కొస పిల్ల అరచేతిలో పెట్టి, చిన్న గొంతుతో చదివేది. అడవిలో ప్రభువు పడ్డ నలభై రోజుల ఆకలి చదివింది. మండే పొదలోంచి దేవుడు, నువ్వు నిలబడ్డ చోటు పరిశుద్ధం, కాళ్ళ చెప్పులు విడువు అన్న సంగతి చదివింది. ఎండలో బావి దగ్గరికి నీళ్ళకొచ్చిన ఆడమనిషి సంగతి చదివింది. పుట్టు గుడ్డివాడి కళ్ళకి బురద పూసిన సంగతి చదివింది. పిల్లకి ఏం అర్థమయ్యేదో గానీ, గొంతు వినబడగానే ఆ వేలిని పట్టుకునేది. పట్టు అంటే ఏముంది, చీమ పట్టినంత. ఆ పట్టు కోసమే మా ఆవిడ పాఠం అయిపోయినా మళ్ళీ మొదటికొచ్చి చదివేది.

చిన్నప్పటి నుంచీ ఇవన్నీ విన్నవే. వినీ వినీ అరిగిపోయాయి. ఆ గదిలో, ఆ మిషన్ల కూతల మధ్య వింటుంటే మాత్రం ఒక్కొక్క మాటా ఇప్పుడే జరుగుతున్నట్టుండేది. 

మూడో వారంలో గొట్టం తీసి చూశారు. రెండు గంటలకే మళ్ళీ పెట్టారు. ఊపిరితిత్తులు ఇంకా ముదరలేదన్నారు.

అయిదో ఆదివారం చీటీలో, దేవుడు ప్రవక్తకి చూపించిన ఎండిన ఎముకల లోయ ఉంది. మా ఆవిడ చదువుతోంది. ఎముకలు కదిలి ఒకదాన్ని ఒకటి వెతుక్కోవడం, వాటిమీద నరాలు రావడం, మాంసం రావడం, పైన చర్మం కప్పుకోవడం. అంతా అమరింది గానీ వాటిలో ఊపిరి మాత్రం లేదు. అక్కడికొచ్చి ఆమె ఆగిపోయింది. అద్దంలోంచి పిల్ల కనబడుతోంది. ఎముకలున్నాయి, నరాలున్నాయి, పైన ఆ పల్చటి చర్మం ఉంది. మిషను గాలి ఊదినప్పుడల్లా ఛాతీ లేస్తోంది, పడుతోంది.

"ఏమండీ, ఇది దీని ఊపిరేనా, మిషన్‌దా?" అంది.

నాకేం తెలుసు? నేను కాటాల మనిషిని. ఉన్నదాని బరువు చెప్పగలను గానీ ఎవరిదో చెప్పలేను. "తర్వాతది చదువు," అన్నాను. నాలుగు దిక్కుల నుంచీ గాలిని పిలవమని దేవుడు ప్రవక్తతో చెప్పే చోటు చదివింది. చదువుతుంటే ఆ గదిలో ఉన్న పది పెట్టెలూ, పదిమంది పిల్లలూ నా కళ్ళముందు ఆ లోయలాగే కనిపించాయి. దేవుడు ఎక్కడో కొండమీద ఉంటాడనుకునేవాణ్ణి. ఆ పూట మాత్రం ఆయన పక్కనే నిలబడి ఉన్నాడేమోనని మోచెయ్యి కూడా కదపకుండా నిలబడ్డాను.

ఆ బుధవారం రెండోసారి గొట్టం తీశారు. ఈసారి అరగంట కూడా నిలవలేదు. పిల్ల నీలంగా మారిపోయింది. డాక్టరమ్మ పరుగున వచ్చి మళ్ళీ గొట్టం పెట్టింది గానీ, తెర మీద ఆక్సిజన్ చూపించే ఆకుపచ్చ అంకె పైకి రావడం లేదు. పనిలో ఉన్నవాణ్ణి కబురందుకుని పరుగెత్తాను. "ఇన్ఫెక్షన్ కూడా ఉంది. ఇవాళ గడవాలి," అంది డాక్టరమ్మ. 

మా ఆవిడ ఏడవలేదు. సిస్టర్ దగ్గరికెళ్ళి, "కాచిన నీళ్ళు కొంచెం, ఒక డ్రాపరూ ఇస్తారా?" అని అడిగింది. ఆ సిస్టర్ పెద్దావిడ. ఎందుకని అడగలేదు. తెచ్చి చేతిలో పెట్టి, గుండ్రటి కిటికీ తనే తెరిచి పట్టుకుంది.

మా ఆవిడ పిల్లని పేరు పెట్టి పిలిచింది. అప్పటిదాకా మేం పేరు అనుకోలేదు. నాక్కూడా ఆ పేరు తెలిసింది అప్పుడే. తండ్రి అంటూ ఒక చుక్క, కుమారుడు అంటూ ఒక చుక్క, పరిశుద్ధాత్మ అంటూ ఒక చుక్క ఆ నెత్తి మీద వేసింది. మూడో చుక్క నుదుటి మీదుగా జారి కనురెప్ప మీద ఆగింది. సిస్టర్ కళ్ళు మూసుకుని "ఆమెన్" అంది. నేను అనడం కూడా మర్చిపోయాను. ఆకాశం కింద పెద్ద పెద్ద నదులున్నాయి గానీ, అన్ని నీళ్ళు నేనెక్కడా చూడలేదు.

ఆ రోజు గడిచింది. ఆ తర్వాతి రోజూ గడిచింది. 

"మామయ్యగారికి చెప్పకండి. ఆయన నమ్మకం మీద నీళ్ళు పోశాననుకుంటారు," అంది మా ఆవిడ. చెప్పలేదు. నాన్న రోజూ సాయంత్రం బెంచీ మీద కూర్చుని, పండుగకి ఇంకా ఎన్ని రోజులుందో వేళ్ళ మీద లెక్కపెట్టి మరీ చెబుతుంటే, తల ఊపుతూ ఊరుకున్నాను. పండుగ ముందరి మట్టల ఆదివారం వచ్చింది, వెళ్ళింది. ఆయన చొక్కా భుజాల దగ్గర వదులైపోయింది. మనవరాల్ని ఇంతవరకూ కళ్ళతో చూడని మనిషి, నా ఫోన్‌లో ఫొటో కూడా చూడనన్నాడు. "పండుగనాడు చూస్తాలేరా," అనేవాడు.

మంచి శుక్రవారం పొద్దున పదింటికి మూడోసారి గొట్టం తీశారు. ముక్కు దగ్గర సన్నటి గొట్టం ఒక్కటి పెట్టి, డాక్టరమ్మ చేతులు కట్టుకుని నిలబడింది. ఛాతీ లేచింది. ఆగింది. మా ఆవిడ నా చొక్కా పట్టుకుంది. మళ్ళీ లేచింది. ఈసారి ఎవరూ ఊదలేదు. పదకొండయింది, పన్నెండయింది, ఒంటిగంటా దాటింది. డాక్టరమ్మ మాస్కు కిందికి లాగి, "తీసుకుంటోందండీ. తనంతట తనే తీసుకుంటోంది," అంది.

"మీరు వెళ్ళి మామయ్యకి చెప్పండి," అంది మా ఆవిడ. "చర్చిలో చదువుతూ ఉంటారు, ఫోన్ ఎత్తరు. వెళ్ళండి, ఇప్పుడే వెళ్ళండి."

పన్నెండు నుంచి మూడు దాకా మా చర్చిలో శ్రమల ఆరాధన. నేను వెళ్ళేసరికి సరిగ్గా సిలువ మీద ప్రభువు ప్రాణం విడిచే చోటు చదువుతున్నాడు నాన్న. తల వంచాడు, ప్రాణం అప్పగించాడు. ఆ మాట దగ్గర చదవడం ఆపి, సంఘమంతా మోకాళ్ళ మీద నిశ్శబ్దంగా ఉండాలి. చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం. అందరి తలలూ వంగి ఉన్నాయి. ఎక్కడ ఆపాడో తప్పిపోకుండా వేలు ఆ వరస మీదే పెట్టి, నాన్న ఒక్కడే నిలబడి ఉన్నాడు. గుమ్మంలో నన్ను చూశాడు. ఆ వేళప్పుడు నేను చర్చికి వచ్చానంటే ఏదో అయిపోయిందనే అనుకున్నాడు. ఆయన ముఖంలో రక్తం ఇంకిపోవడం అంత దూరం నుంచీ చూశాను.

అరవడానికి లేదు. ఏం చెయ్యాలో తోచక, చెయ్యి ఛాతీ మీద పెట్టుకుని, గుండెల నిండా గాలి పీల్చి, వదిలాను. మళ్ళీ పీల్చాను. రెండు చేతులూ పైకెత్తి పిల్లంత కొలత చూపించి, మళ్ళీ పీల్చాను. మూగవాళ్ళాటలో కూడా నేనింత బాగా ఆడలేదు.

నాన్నకి అర్థమైంది.

"హల్లెలూయ," అన్నాడు.

గట్టిగా అనలేదు. కానీ ముందు మైకుంది. ఆ మాట నల్లటి గుడ్డ కప్పిన సిలువ మీదుగా, వంగిన తలల మీదుగా వచ్చి గుమ్మంలో నాకు తగిలింది. ఇన్నేళ్ళుగా ఆ మాటకి కాపలా కాసిన మనిషి, సంవత్సరం మొత్తంలో అసలే అనకూడని ఆ రోజున, అనకూడని ఆ ఒక్క నిమిషంలో దాన్ని వదిలేశాడు. తలలు లేచాయి. దర్జీ నోరు తెరుచుకుని ఉండిపోయాడు. నాన్న చేత్తో నోరు మూసుకున్నాడు. నేను అక్కడే గుమ్మంలో మోకాళ్ళూనాను. చావు చదివిన నోట్లోంచే, ఊపిరి కూడా తిప్పుకోకుండా, ఆ మాట రావడం నేను విన్నాను. పండుగ ఎలా పుడుతుందో చూసినట్టనిపించింది.

అయ్యగారు మోకాళ్ళ మీద నుంచి లేవకుండానే, "చదవండి," అన్నారు.

నాన్న చదివాడు. సమాధి దాకా చదివాడు.

ఆరాధన అయ్యాక వెనక గదిలో, పాఠాలు చదివేటప్పుడు వేసుకునే అంగీ విప్పి మడతపెట్టి అయ్యగారి ముందు పెట్టాడు. "ఇంక పాఠాలకి వేరే ఎవరినైనా చూసుకోండయ్యగారూ."

"మనవరాలికెలా ఉంది?"

"ఊపిరి తీసుకుంటోందట."

"ఎల్లుండి మొదటి పాఠం మీదే. కొంచెం ముందు రండి," అని అయ్యగారు ఆ అంగీని తిరిగి ఆయన చేతుల్లోనే పెట్టారు.

గుమ్మం దగ్గర దర్జీ కాచుకుని ఉన్నాడు. "పెద్దాయనా, నేను ముక్కులో అనుకుంటేనే వరండాలో నిలబెట్టారే, మీరు మైకులో అన్నారు. మిమ్మల్నెక్కడ నిలబెట్టమంటారు?"

"నువ్వే చెప్పరా, నిలబడతాను," అన్నాడు నాన్న. దర్జీ నవ్వబోయి నవ్వలేక, ఆయన చెయ్యి రెండు చేతులతోనూ పట్టుకున్నాడు.

దారిలో ఇంక దాచలేకపోయాను. బాప్తిస్మం సంగతి చెప్పేశాను. నాన్న రోడ్డు మధ్యలో ఆగిపోయాడు. వెనక నుంచి సైకిలు గంట కొట్టినా జరగలేదు. నేనే భుజం పట్టుకుని పక్కకి లాగాను.

"ఎవరిచ్చారు?"

"తనే. అయ్యగారు వచ్చేంత టైం లేదు నాన్నా."

"మూడు పేర్లూ చెప్పిందా?"

"చెప్పింది. మూడు చుక్కలు."

"అయితే చెల్లుతుంది," అన్నాడు. ఆఫీసులో కాగితం మీద సంతకం పెట్టినట్టే అన్నాడు. "నేను వద్దన్నందుకు కదరా, కోడలు ఒక్కతే చెయ్యాల్సొచ్చింది. నేను దేవుడికి తారీఖు పెట్టాను. సిగ్గుగా ఉందిరా." కాసేపు నడిచాక, "పేరేమిటి?" అన్నాడు. చెప్పాను. తనలో తనే రెండుసార్లు అనుకుని చూసుకున్నాడు. ఆసుపత్రికి వెళ్ళాక వరండాలో కోడలికి దణ్ణం పెట్టబోయాడు. ఆమె ఆ చేతులు పట్టుకుని కిందికి దించేసి, "ముందు మంచినీళ్ళు తాగండి మామయ్యా," అంది.

పునరుత్థాన పండుగ పొద్దున నేను చర్చికి వెళ్ళలేదు. ఆ పెద్ద సిస్టర్ నన్ను కుర్చీలో వెనక్కి వాల్చి కూర్చోబెట్టి, చొక్కా గుండీలు విప్పమని, పిల్లని తీసుకొచ్చి నా గుండె మీద బోర్లా పడుకోబెట్టింది. పైన ఒక గుడ్డ కప్పింది. మధ్యలో అద్దం లేకుండా మేమిద్దరం కలుసుకోవడం అదే మొదలు. వేడిగా ఉంది. ఊపిరి తీసుకుంటుంది, కాస్త ఆగుతుంది, ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ తీసుకుంటుంది. ఆగినప్పుడల్లా నేనూ ఆగుతున్నాను. ఈ ఊపిరి ఎవరిదని ఇంక అడగాలనిపించలేదు. ఎక్కడినుంచో బయల్దేరి ఇంత దూరమొచ్చి, ఇంత చిన్న గూటిలో దూరి, నా చర్మం మీద తగులుతోంది. నాకు ఏడుపొచ్చింది. మా ఆవిడ నా కళ్ళు తుడుస్తూ, "కదలకండి, లేస్తుంది," అంది.

పదకొండింటికి నాన్న వచ్చాడు. చర్చి నుంచి తిన్నగా వచ్చినట్టున్నాడు, తెల్లచొక్కా, మెరిసేలా పాలిష్ పెట్టిన ఆదివారం బూట్లు. పండుగ కదా అని సిస్టర్ ఆయన్ని గది అద్దం దాకా రానిచ్చింది. సిస్టర్ గుడ్డ కొంచెం పక్కకి తీసింది. నాన్న చూశాడు.

ఏదో ఒక వాక్యం చెబుతాడనుకున్నాను. ప్రతి రోజుకీ ఒక పాఠం ఉన్న మనిషి కదా. ఆయన మాత్రం గోడ పట్టుకుని మెల్లగా కిందికి వంగాడు. మోకాళ్ళ నొప్పి మనిషి, పడిపోతాడేమోనని మా ఆవిడ లేవబోయింది. పడలేదు. ఒక బూటు లేసు విప్పాడు, రెండోది విప్పాడు. రెండు బూట్లూ తీసి, మేజోళ్ళు కూడా తీసి, గోడ వారగా పక్కపక్కనే సర్ది పెట్టాడు.

సిస్టర్ తలుపు సందులోంచి తల బయటపెట్టి, "తాతగారూ, అక్కడ విప్పక్కర్లేదండీ. లోపలికొచ్చేవాళ్ళు విప్పితే చాలు," అంది.

"తెలుసమ్మా," అన్నాడు నాన్న. ఆ చల్లటి గచ్చు మీద ఉత్త పాదాలతో అలాగే నిలబడ్డాడు.